లగ్గమైనా మారని నంబరు

నాకు కంప్యూటర్ నేర్పిన కులకర్ణి సార్ పోయిన వారం మా ఇంటికి వచ్చారు. మా అత్తగారు పోయిన సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసిందట. పరామర్శకు వచ్చినవాళ్ళు అడిగే మాటలే ఆయనా అడిగారు. ఎన్నాళ్ళు మంచంలో ఉన్నారు, చివర్లో మాట ఉందా, కొడుకు దగ్గరే ఉన్నాడా. చాయ్ తాగాక మాట నా ఆరోగ్యం మీదికి మళ్ళింది. ఒకప్పుడు ఆయన గదిలోకి వస్తే మేం లేచి నిలబడేవాళ్ళం; ఇప్పుడు ఆయనే నా మోకాళ్ళ నొప్పుల గురించి కనుక్కుంటున్నారు. ఫ్యాన్ వైపు చూసి, "ఆ చుక్క గుర్తుందా నీకు?" అన్నారు మరాఠీలో. నల్లటి తెర మీద ఒక చుక్క ఉండేది, మనం ఏం చెప్తే అది చేస్తానన్నట్టు. మొదటి రోజు దాన్ని చూసి నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానని ఆయనకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే డేటాబేస్ మొదటి పాఠం మొత్తం చెప్పి, హాయిగా నవ్వుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ పాఠానికీ మా అత్తగారికీ ఉన్న సంబంధం ఆయనకు తెలియదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

మా పుట్టిల్లు మహారాష్ట్ర నాందేడ్‌లో, ఇత్వారా బజారులో. కింద బాపు, అంటే మా నాయన, దుకాణం, పైన ఇల్లు. దుకాణమంటే టోకు వ్యాపారం: ఎండుమిర్చి, పసుపు కొమ్ములు, బెల్లం, చింతపండు. మిర్చి బస్తాలు దించే రోజున ఘాటు మెట్ల మీదుగా పైకి వచ్చి, వంటింట్లో అమ్మ, వసారాలో బాపమ్మ, కిటికీ దగ్గర పుస్తకం పట్టుకున్న నేను, అందరం ఒకేసారి తుమ్మేవాళ్ళం. కొత్తగా వచ్చిన చుట్టాలు మాకందరికీ జలుబనుకునేవారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హమాలీలతో హిందీ. ఒకటి ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో మాకు పట్టింపు ఉండేది కాదు. తాతల కాలంలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. మా ఇంటిపేరుకు మరాఠీవాళ్ళు చివర 'వార్' తగిలిస్తే మేమూ అలాగే రాసుకోవడం మొదలుపెట్టాం. అట్లాంటి వార్‌లు నాందేడ్ బజారు నిండా ఉన్నారు.

బాపమ్మ అంటే మా నాయన తల్లి. ఆమె ఉదయం చలికాలంలో కూడా చన్నీళ్ళతో మొదలయ్యేది. తర్వాత తులసి, తర్వాత జొన్నరొట్టెలు. రొట్టె చేతులు మారే చప్పుడు వినబడితే పొద్దెంత ఎక్కిందో మాకు తెలిసిపోయేది. ఆమె భర్త, అంటే మా తాత, నేను పుట్టకముందే పోయాడు. ఆయన పేరు గంగారాం. భర్త పేరు నోటితో అనకూడదన్న నియమాన్ని ఆమె ఆయన పోయాక కూడా సడలించలేదు. అందువల్ల మా ఇంట్లో గంగ అన్న మాటే ఆమె నోట వచ్చేది కాదు. నాందేడ్ మొత్తం గోదావరిని గంగ అంటుంది, బాపమ్మ మాత్రం ఏరు అనేది. కాశీ నుంచి తెచ్చిన గంగాజలం ఆమెకు 'రాగి చెంబుల నీళ్ళు'. ఇంత పట్టింపు ఉన్న మనిషి, నేను పుట్టగానే తాత పేరు పెట్టాల్సిందేనని ఊరంతా వినేలా పట్టుబట్టి నాకు గంగామణి అని పెట్టించింది. పెట్టించి, తాను మాత్రం ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. ఆమెకు నేను మణిని. స్కూలు నుంచి వచ్చిన దాఖలాను, అంటే నా పేరు, తండ్రి పేరు, రిజిస్టర్ నంబరు ఉన్న ఆ కాగితాన్ని, నాతో పైకి చదివించుకుని విని, మళ్ళీ చదవమనేది. తాను అనలేని పేరును ఆమె నా నోటితో అలా వినేది.

బీకాం అయ్యాక నన్ను కంప్యూటర్ క్లాసుకు పంపించడం వెనుక గొప్ప ముందుచూపేమీ లేదు. పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుందని బాపుకు ఎవరో చెప్పారు. కుట్టుపనీ టైపింగూ అప్పటికే అందరి ఆడపిల్లలకూ వచ్చేసి విలువ పోగొట్టుకున్నాయి. మా ఊళ్ళోనే వజీరాబాద్ పేటలో ఒక ఫోటో స్టూడియో పైన కులకర్ణి సార్ క్లాసు. ఆయన పుణెలో చదువుకుని, ఏ కారణం చేతనో నాందేడ్‌కు వచ్చిన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడవాలి, కాళ్ళు తుడుచుకోవాలి, తల దులుపుకుని రావాలి. లోపల ఏసీ ఉండేది. మే నెల నాందేడ్ ఎండలో మాడి వచ్చిన మేం ఆ చల్లదనం మా కోసమే అనుకుని సంబరపడ్డాం. అది యంత్రం కోసమని, కరెంటు ఖర్చు ఎక్కువ కనుక మనుషులు మాత్రమే ఉన్నప్పుడు ఆపేస్తానని సార్ మొదటి రోజే చెప్పారు. కొత్త కార్పెట్ వాసన, ప్లాస్టిక్ ముసుగుల వాసన, దానికి నేను ఇంటి నుంచి మోసుకొచ్చిన మిర్చి వాసన. నా పక్కన కూర్చున్న శోభ అనే మరాఠీ అమ్మాయి నన్ను మొదట వాసనతోనే గుర్తుపట్టింది. యంత్రం మా ఇద్దరికీ కలిపి ఒకటే కాబట్టి త్వరలోనే స్నేహం కుదిరింది.

సార్ మాకు చాలా రోజులు యంత్రాన్ని ముట్టనివ్వలేదు. కాగితం మీద గడులు గీయించారు. ఒక మనిషి గురించి మనకు ఏమేం తెలియాలో అన్నీ అడ్డంగా గడులు. ఒక్కో గడి పేరు ఫీల్డు. మనుషులంతా నిలువుగా, ఒకరి కింద ఒకరు. ఒక్కో వరస ఒక రికార్డు. ఎవరి పేరుకు ఎన్ని అక్షరాల చోటు ఇస్తున్నామో ముందే చెప్పాలి, తర్వాత పేరు పొడుగైతే యంత్రం నిర్మొహమాటంగా కోసేస్తుంది. వినడానికి ఇందులో ఏమీ లేదు. మా దుకాణంలో లెక్కలు రాసే మునీమ్‌జీ కూడా ఇలాంటి గీతలే గీస్తాడు కదా అనుకున్నాను. తేడా ఎక్కడుందో తెలియడానికి ఒక నిజమైన పని చేతికి రావలసి వచ్చింది.

మేం చదివిన కన్యాశాలవాళ్ళు పాత విద్యార్థినులందరినీ ఒక పండుగకు పిలవాలనుకున్నారు. పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టమని సార్‌ను అడిగితే, ఆయన ఆ పనిని మాకు అభ్యాసంగా ఇచ్చారు. స్కూలు గుమాస్తా రిజిస్టర్లు రిక్షాలో వేసుకుని వచ్చాడు. సార్ బోర్డు ముందు నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఒక అమ్మాయిని ఇంకొక అమ్మాయి నుంచి దేనితో వేరు చేస్తారు? వేరు చేసేది ఏదో అది ఎప్పటికీ మారకూడదు, ఇద్దరికి ఒకటే ఉండకూడదు. దాని పేరు కీ."

మేమంతా పేరు అన్నాం. ఆయన బోర్డు మీద శోభ పూర్తి పేరు రాశారు: ఆమె పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. "దీని పెళ్ళయింది అనుకోండి" అని ఇంటిపేరు తుడిచేశారు. తండ్రి పేరు తుడిచి అక్కడ భర్త పేరుకు చోటు వదిలారు. తర్వాత, "మనలో బియ్యం పళ్ళెంలో కొత్త పేరు రాస్తారు కదా" అంటూ శోభ అన్నది కూడా తుడిచేశారు. మా ప్రాంతంలో పెళ్ళిలో వరుడు పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో భార్యకు కొత్త పేరు రాస్తాడు. మరాఠీవాళ్ళ ఆచారం అది. నాందేడ్ తెలుగు ఇళ్ళలోకీ ఎప్పుడో వచ్చేసింది. బోర్డు మీద ఏమీ మిగల్లేదు. శోభ నవ్వింది, మేమూ నవ్వాం. ఎవరో అడ్రస్ అన్నారు, అదీ మారుతుందని తామే నాలుక కరుచుకున్నారు. పుట్టిన తేదీ మారదు కదా అంది శోభ. సార్ ఒక రిజిస్టర్ తెరిచి చూపించారు. పేజీ పొడుగునా అందరూ జూన్ ఒకటినే పుట్టారు. మా కాలంలో తల్లిదండ్రులకు పిల్లలు పుట్టిన ఋతువు గుర్తుండేది గాని తేదీ ఉండేది కాదు, స్కూలు తెరిచే రోజుకు వయసు సరిపోయేలా హెడ్‌మాస్టర్ జూన్ ఒకటి రాసేసేవాడు. నాదీ జూన్ ఒకటే. శోభదీ జూన్ ఒకటే. చివరికి మిగిలింది రిజిస్టర్‌లో ఎడమ చివర ఉన్న నంబరు, స్కూల్లో చేరిన రోజు ఇచ్చేది, దాఖలా మీద రాసేది. దాన్ని ఎవరూ ఏ పళ్ళెంలోనూ మార్చరు.

అంత స్పష్టంగా చెప్పినా నేను యంత్రం ముందు కూర్చున్నప్పుడు పేరునే కీ అని చెప్పాను. అలవాటు అలాంటిది. వరసగా చూపించమంటే జాబితా వచ్చింది, కాని చిక్కిపోయి వచ్చింది. మేం ఎక్కించిన అమ్మాయిల్లో చాలామంది లేరు. గోదావరి ఒడ్డు ఊర్లు కాబట్టి మా స్కూల్లో గంగామణులకు కొదవ లేదు. ఆ జాబితాలో ఒక్కతే మిగిలింది, అదీ నేను కాదు. కంగారుగా పిలిచాను. సార్ వచ్చి చూసి తాపీగా, "వాళ్ళు ఎక్కడికీ పోలేదు. ఒక పేరుకు ఒక్క మనిషే అని నువ్వు చెప్పావు. మొదటి మనిషిని పట్టుకుని మిగతావాళ్ళను అది అడగడం మానేసింది" అన్నారు. నంబరును కీ చేయగానే అందరూ తిరిగి వచ్చారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని తర్వాత చాలా పెద్ద పెద్ద సంగతులు కూడా ఇవ్వలేదు. ఏదో ఒకటి నాకు అర్థమైంది, బాపుకు గాని అమ్మకు గాని తెలియనిది, మా ఇంట్లో నేనొక్కదాన్నే నేర్చుకున్నది.

అదే నెలలో నా సంబంధం కుదిరింది. నాందేడ్‌కు దగ్గర్లోని ఉమ్రిలో బట్టల దుకాణం ఉన్న తెలుగు కుటుంబం. అబ్బాయి మంచివాడు, మాట తక్కువ. అన్నీ సరిపోయాక ఒక్క చిక్కు తేలింది. కాబోయే అత్తగారి పేరు గంగామణి. అత్త పేరు కోడలికి ఉండకూడదు. కొడుకు భార్యను కేకేస్తే తల్లిని కేకేసినట్టు, కోడలిని తిడితే అత్తను తిట్టినట్టు. ఇందులో ఎవరికీ రెండో మాట లేదు. వైశాలి అని కొత్త పేరు కూడా వాళ్ళే చూసి పెట్టారు. అప్పట్లో మరాఠీ పత్రికల్లో కథానాయికలందరికీ ఆ పేరే ఉండేది. బాపు రాత్రి భోజనానికి కూర్చుంటూ, "మంచిగనే ఉన్నది పేరు. అందరు మార్చుకుంటరు, ఇందుల ఏమున్నది" అని ముద్ద కలుపుకున్నాడు. అమ్మ పప్పు వడ్డించింది. అమ్మకు ఈ విషయంలో అనుభవం ఉంది. బాపమ్మ మాత్రం, "అత్త పేరు కోడలికి ఉండొద్దు, గది నిజమే" అని, మళ్ళీ "గది నిజమే" అని, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నాకు తొందర ఒకటి ఉంది. సర్టిఫికెట్లు పుణెలో అచ్చవుతాయి, నెలాఖరులోగా పేర్లు పంపాలి. ఆడపిల్లల బ్యాచ్‌కు పాఠం చెప్పడానికి సార్ నన్ను పెట్టుకుంటానన్నారు, సర్టిఫికెట్ చేతికొస్తే. ఏ పేరు పంపను అని ఆయన అడిగారు. వైశాలి అని పంపితే నా పదో తరగతి, బీకాం కాగితాలన్నీ వేరొకరివైపోతాయి. గెజిట్‌లో వేయించి, అఫిడవిట్ రాయించి, ఆఫీసుల చుట్టూ తిరగాలి, అలా తిరగడానికి కోడలిని ఏ ఇల్లూ మొదటి సంవత్సరంలో గడప దాటనివ్వదు. గంగామణి అని పంపితే పెళ్ళికి ముందే అత్తింటి మాట కాదన్నట్టు. ఇవన్నీ ఆలోచించాను గాని, నిజం చెప్పాలంటే అసలు బాధ వేరు. ఆ యంత్రం ముందు కూర్చుని నేర్చుకున్నది గంగామణి. ఆ కాగితం వైశాలి అనే ఎవరికో పోవడం నాకు ఇష్టం లేదు. ఇది ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు. సార్‌ను మాత్రం ఇంకొన్ని రోజులు ఆగమన్నాను.

పెళ్ళి చీరలు కొనడానికి కాబోయే అత్తగారు ఉమ్రి నుంచి పాసింజర్ రైల్లో వచ్చారు. పొట్టి మనిషి, నుదుటి మీద కాసంత బొట్టు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చేతుల్ని చూసే అలవాటు. బేరాలు తొందరగా ముగించారు. మిగిలిన పొద్దులో, నేను ఎక్కడికి పోయి ఏం నేర్చుకుంటున్నానో చూస్తానన్నారు. బాపుకు నచ్చలేదు, కాని కాదనే వీలు లేదు. నేను తీసుకువెళ్ళాను. ఆమె గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలి చల్లదనానికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, దేవుడి గదిలో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నారు. సార్ నమస్కారం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయారు. శోభ ఆ రోజు రాలేదు.

స్కూలు జాబితా తెర మీద పెట్టాను. ఆమె ఆకుపచ్చ అక్షరాల వైపు చూసి, "గీ డబ్బల మీ బడి పోరిలందరు ఉన్నరా?" అన్నారు.

"ఉన్నరు అత్తమ్మా."

"నువ్వేడున్నవ్?"

గంగామణి అని ఉన్నవాళ్ళందరినీ చూపించమని కొట్టాను. తెర నిండింది. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని, అన్ని వరసల్లోనూ ఒకే ఆకారం ఉందని తెలుస్తోంది. "గిందుల అందరిది మన పేరేనా?" అన్నారు.

"మన పేరే."

"మరి ఒక్కలను పిలిస్తె అందరు పలుకుతరా?"

"ఒక్కొక్కలకు ఒక నంబర్ ఉంటది అత్తమ్మా. బడిల ఏసిన్నాడు ఇచ్చింది. గా నంబర్ తోని పిలుస్తం. అది లగ్గమైనా మారది."

"లగ్గమైనా మారదా" అన్నారు. వెంటనే, "మగోళ్ళకు పేర్లే మారవు. వాళ్ళకు నంబరెందుకు?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నేను ఎన్నో రోజులుగా కూడబెట్టుకున్న వాదన ఇక్కడ మొదలుపెట్టాలి: ఒక ఇంట్లో ఇద్దరు గంగామణులు ఉన్నా నష్టం లేదని, అయోమయం రాకుండా చూసుకునే మార్గాలుంటాయని. నోరు తెరిచేలోపు ఆమె తెరను చూస్తూనే మాట్లాడడం మొదలుపెట్టారు.

"నాది గూడ గీ పేరు కాదు బిడ్డా. అవ్వగారింట్ల నేను పోశవ్వను. పోశమ్మకు మొక్కితె పుట్టిన్నని నన్ను కన్న అవ్వ పెట్టుకున్నది. మాండవి అవుతల అడవిల ఊరు మాది. ఈడికి అచ్చినంక మా అత్త, గిదేం పేరు, దుకాణం నడిపేటోళ్ళ ఇంట్ల గిసొంటి పేరు నడ్వది అన్నది. బియ్యంల గంగామణి అని రాసిండ్రు. గింతంత పిల్లను అప్పుడు. గంగామణీ అని ఒర్లుతుంటిరి, నేను పలుకకపోతుంటి. నన్ను గాదనుకుందును. దీనికి చెవుడున్నది, దాచిపెట్టి అంటగట్టిండ్రని మా అవ్వకు కబురు గూడ పంపిండ్రు."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది, పలుకుడు నేర్సుకున్న."

ఇప్పుడు పోశవ్వ అని ఎవరు పిలుస్తారు అని అడిగాను. ఆమె నా చేతుల వైపు చూశారు. "ఎవలు పిలుస్తరు? అవ్వ లేదు, నాయిన లేడు. తమ్ములు అక్కా అంటరు. ఆ పేరు తెలిసినోళ్ళు ఎవలున్నరు ఇగ."

లేవబోతూ ఆమె నా పని తేల్చేశారు. నేనేదో బాధపడుతున్నానని ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు తెలియదు, నేనొక్క మాటా అడగలేదు. "బియ్యంల ఆళ్ళు రాసేది రాయనియ్యి. ఇంట్ల వైశాలి అని పిలుస్తరు, నువ్వు పలుకు. నా పేరు తోని నిన్ను పిలిస్తె నాకే తికమక. గాని కాయిదంల మార్చకు. మీ సారుకు చెప్పు, నీ పేరే పంపమను. మీ మామకు నేను చెప్త." అంతే. దారిలో జొన్నల ధర గురించి, రైలు ఆలస్యం గురించి మాట్లాడుతూ వచ్చారు. పుణె నుంచి సర్టిఫికెట్ గంగామణి పేరుతోనే వచ్చింది. బాపమ్మ దాన్ని నాతో పైకి చదివించుకుంది, మళ్ళీ చదవమంది.

పెళ్ళిలో వైశాలి అని మా ఆయన బియ్యం మీద మరాఠీ అక్షరాల్లో రాశారు. ఆయన దస్తూరి బాగుంటుంది. కొంతకాలానికి నేను ఉమ్రి నుంచి నాందేడ్‌కు పాసింజర్‌లో వచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున ఇంట్లో వైశాలిని, క్లాసులో గంగామణి మేడమ్‌ను. దారిలో ముద్ఖేడ్ స్టేషన్‌లో బండి చాలాసేపు ఆగేది. పేరు మారే చోటు అదేనని శోభ ఎగతాళి చేసేది. నాకు అది అంత కష్టమనిపించలేదు. రెండు పేర్లకూ పలకడం వచ్చేసింది. అత్తగారు నా జీతం గురించి గాని పని గురించి గాని ఎన్నడూ అడగలేదు, కాని బండి ఆలస్యమైన రోజున పొయ్యి మీద నా పాలు వేడిగా ఉండేవి. పోశవ్వ అన్న మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. ఆమె చెప్పొద్దనలేదు, చెప్పమనీ అనలేదు. కోడలు అత్తను ఏ పేరుతోనూ పిలవదు కాబట్టి నాకు ఆ అవసరమూ పడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పరిస్థితి వేరు. మా కోడలు తన పేరుతోనే వచ్చింది, తండ్రి ఇంటిపేరుతోనే ఉంది. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ కోసం బియ్యం పళ్ళెం తెప్పించి, మావాడితో ఆమె పేరే రాయించారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అత్తగారు దగ్గరే కూర్చుని చూస్తూ, "గిట్ల గూడ ఉంటదా" అన్నారు. దేశంలో ప్రతి మనిషికీ ఇప్పుడొక నంబరుంది, పుట్టిన పసిపిల్లలకు కూడా. ఒకప్పుడు బడి మెట్టెక్కిన ఆడపిల్లలకు మాత్రమే దొరికిన సదుపాయం అది. బ్యాంకువాళ్ళు ఫోన్లో మన గుర్తింపు తేల్చుకోవడానికి తల్లి పుట్టింటి ఇంటిపేరు చెప్పమంటారు; మా ఆయన తడుముకోకుండా చెప్తారు, మేనమామల ఇంటిపేరే కదా. అంతకు మించి ఏ యంత్రమూ అడగదు. సార్ చెప్పిన సంగతి నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంది, అడగనివాళ్ళు జాబితాలో కనబడరని. అప్పటికంటే ఇప్పుడు మంచిదా అంటే మంచిదే. నాకు ఆ కాలం మీద బెంగ ఏమీ లేదు.

అత్తగారి దశక్రియ, అంటే పదోరోజు కర్మ, గోదావరి ఒడ్డున జరిగింది. ఎండగా ఉంది. మా ఆయన గుండు చేయించుకుని, తడి పంచెతో, వేలికి దర్భ ఉంగరంతో కింది మెట్టు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళం పై మెట్ల మీద పక్కగా నిలబడ్డాం. మరాఠీ పంతులు గోత్రం అడిగాడు, తర్వాత పోయినామె పేరు అడిగాడు. మా అవ్వ, గంగామణి అన్నారు మా ఆయన. పంతులు మంత్రంలో ఆ పేరు కలిపి, ఈమె ప్రేతానికి అని చెప్తూ నీళ్ళు వదలమన్నాడు. ఆయన వదిలారు. పంతులు మళ్ళీ ఆ పేరు చదివాడు, ఆయన మళ్ళీ వదిలారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు కాబట్టి ఆయనకు అందులో ఏమీ తోచలేదు. నేను మాత్రం బతికుండి, అక్కడ నిలబడి, నా పేరున నీళ్ళు వదలడం చూస్తున్నాను. అత్త పేరు కోడలికి ఎందుకు వద్దన్నారో ఆ క్షణంలో అర్థమైంది. ఆ నీళ్ళు నాకు కావలసినవి కావు. ఆమెకు చేరుతున్నాయన్న నమ్మకమూ నాకు లేదు.

మెట్లు దిగి ఆయన పక్కకు వెళ్ళాను. ఆడవాళ్ళు వెనక నుంచి పిలుస్తున్నారు, పంతులు ఆగి చూస్తున్నాడు.

"పోశవ్వ పేరు గూడ చెప్పుండ్రి" అన్నాను.

ఆయన చేతిలో నీళ్ళు అలాగే ఉన్నాయి. "పోశవ్వ ఎవలు?" అన్నారు.

"మీ అవ్వ" అన్నాను.